ఇటలీ నుంచి తెప్పించిన పిస్టన్లు మా ఫియట్ బ్లాకులో దిగట్లేదు. ఒరిజినల్ సామాను ఎక్కడ దొరుకుతుంది?

మహారాణిపేట_ఫియట్

మా నాన్నగారి కారు ఫియట్ 1100 డిలైట్, 1968 మోడల్. 1981లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మా అక్క అత్తారింటికి వెళ్లింది అందులోనే, నేను గేర్లు నేర్చుకుంది అందులోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి షెడ్డు రేకులు ఎగిరొచ్చి మీద పడ్డాయి. ముందు అద్దం పోయింది, గ్రిల్లు సొట్టపోయింది. అప్పట్నుంచి టార్పాలిన్ కిందే ఉంది. నాన్నగారికి ఇప్పుడు 79. "భీమిలి దాకా ఒక్కసారి నేనే నడుపుకుంటూ వెళ్లొస్తా" అని ఏడాది నుంచి అంటున్నారు. అందుకని పని మొదలుపెట్టాను.

ఇంజిన్ విప్పితే రెండో పిస్టన్ సిలిండర్‌కి పట్టేసి ఉంది. విశాఖలో ఐదారు కొట్లు తిరిగాను. ఒకాయన "ఏ ఫియట్, పుంటోనా?" అని అడిగాడు. ఇంకోచోట ఇచ్చిన సెట్టు చూస్తేనే నాసిరకమని తెలిసిపోయింది. చివరికి ఇటలీలో అమ్మేవాళ్ల దగ్గర "ఫియట్ 1100 డి పిస్టన్లు, కొత్తవి" అని కనిపిస్తే తెప్పించాను. సుంకంతో కలిపి 31 వేలు అయ్యింది. తీరా చూస్తే అవి బ్లాకులో దిగట్లేదు, సిలిండర్ అంచు దగ్గరే ఆగిపోతున్నాయి.

మా మేస్త్రీ "పిస్టన్‌కి తగ్గట్టు సిలిండర్ లోపల గీకించి పెద్దది చేద్దాం, బోరింగ్ కొట్టించేద్దాం" అంటున్నాడు. కాదంటే మారుతి ఇంజిన్ ఎక్కిద్దామంటున్నాడు. నాకు రెండూ ఇష్టం లేదు. ఇటలీ వాడు మోసం చేసినట్టేనా? ఇంకా కావలసినవి: ముందు అద్దం, దాని రబ్బరు బీడింగ్, కింగ్‌పిన్ సెట్ (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు), బ్రేక్ మాస్టర్ సిలిండర్, గ్రిల్లు, కుడివైపు వెనక లైటు అద్దం. అన్నీ ఒరిజినలే కావాలి.

టర్నర్_సింధియా

బోరింగ్ కొట్టించకు. ముందు కొలత కావాలి. వ్యాసం కొలిచే వెర్నియర్ ఉందా? పిస్టన్ కింది భాగం వ్యాసం, బ్లాకు లోపలి వ్యాసం రెండూ కొలిచి ఇక్కడ పెట్టు.

కొమ్మాది_కుర్రాడు

మేస్త్రీ చెప్పింది తప్పేం కాదు కదా అన్నా. ఒమ్ని ఇంజిన్, గేర్‌బాక్సు తెచ్చి పెడితే ప్రతి కొట్లో సామాను దొరుకుతుంది. నాన్నగారికి కావలసింది భీమిలి వెళ్లడం. పిస్టన్ ఏ దేశానిదని ఎవరు చూస్తారు?

పద్మిని87

ఆయన చూస్తారు తమ్ముడూ. ముప్పై ఏళ్లకి పైగా నడిపిన మనిషికి కారు చప్పుడు మారితే తెలియదా? మా పద్మినిని (ఈ ఫియట్‌కే తర్వాత వచ్చిన పేరు) కళ్లు మూసుకుని విన్నా గుర్తుపడతాను నేను.

మిల్లెచెంతో

మోసం అయ్యుండదని నా అనుమానం. ఇటలీ 1100 డి ఇంజిన్‌దీ మన 1100 డి ఇంజిన్‌దీ ఒకే సైజు కాదు. టర్నర్ గారు అడిగిన కొలతలు రానివ్వండి, అప్పుడు చెప్తాను.

మహారాణిపేట_ఫియట్

కొలిచాను. పిస్టన్ 71.9 మి.మీ. బ్లాకు 68.4.

మిల్లెచెంతో

అనుకున్నదే అయ్యింది.

ఇటలీలో 1962 నుంచి 1966 దాకా అమ్మిన 1100 డి లో ఫియట్ వాళ్లు పెట్టింది 1221 సీసీ ఇంజిన్. దాని బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 72 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75. మనకి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు 1964 నుంచి తయారుచేసిన 1100 డి కి బాడీ అదే గానీ ఇంజిన్ పాత 1089 సీసీదే. బోరు 68, స్ట్రోకు 75. లెక్క వేసి చూసుకోండి, సరిగ్గా సరిపోతుంది. బానెట్ మీద పేరు ఒకటే, లోపల నాలుగు మిల్లీమీటర్ల తేడా. ఇటలీ ఆయన తన లెక్కలో సరైన సామానే పంపాడు. మీరు "1100 డి" అని అడిగారు, ఆయన ఇటలీ 1100 డి ది ఇచ్చాడు.

ఇటలీ నుంచే కావాలంటే 1100 ఆర్ పేరు మీద వెతకండి. 1966 తర్వాత అక్కడ ఆ మోడల్‌కి మళ్లీ 1089 సీసీ ఇంజిన్ పెట్టారు. అప్పుడు కూడా వ్యాసం ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. పిన్ను వ్యాసం, పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, తల ఆకారం, ఈ మూడూ అడిగి తెప్పించుకోండి. మీ బ్లాకు 68.4 అంటున్నారంటే ఒకసారి రీబోర్ అయినట్టే. స్టాండర్డ్ సైజు ఇక పనికిరాదు.

మహారాణిపేట_ఫియట్

మూడు నెలలుగా ఆ అమ్మినాయన్ని తిట్టుకుంటూ ఉన్నాను. ఈ రాత్రికే ఉత్తరం రాసి, వాపసు తీసుకుంటారేమో అడుగుతాను.

అయితే మేస్త్రీ అన్నట్టు 72కి బోరింగ్ కొడితే మంచిదే కదా, ఇంజిన్ పెద్దదవుతుంది? అడుగుతున్నానంతే.

టర్నర్_సింధియా

వద్దు. రీబోర్ అంటే మిల్లీమీటరులో కొంత భాగం గీకడం. దాదాపు నాలుగు మిల్లీమీటర్లు తీస్తే సిలిండర్‌కీ నీళ్ల జాకెట్‌కీ మధ్య గోడ ఏం మిగులుతుంది? పోత ఎక్కడ పల్చగా ఉందో పైకి కనపడదు. నడిరోడ్డు మీద నీళ్లు సిలిండర్లోకి దిగాక తెలుస్తుంది. నా చేతికొస్తే నేను కొట్టను, డబ్బులిచ్చినా కొట్టను.

నీకు రెండు దారులున్నాయి. దేశీ 68 సైజులో ఓవర్‌సైజు (స్టాండర్డ్ కంటే కాస్త పెద్ద) సెట్టు దొరికితే దానికి తగ్గట్టు సన్నగా బోరింగ్. లేకపోతే సిలిండర్లలో స్లీవులు (లోపలి గొట్టాలు) వేయించి మళ్లీ 68 స్టాండర్డ్‌కి తెచ్చుకోవడం. రెండోది ఖర్చెక్కువ గానీ బ్లాకుకి ఇంకో జన్మ ఉంటుంది. ఏదైనా సరే, పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్. ముందు బోరు కొట్టేసి తర్వాత పిస్టన్లు వెతికేవాళ్లని షిప్‌యార్డులో పనిచేసినన్నాళ్లూ చూశాను, రిటైరయ్యాక కూడా చూస్తూనే ఉన్నాను.

గంటస్తంభం_విజయనగరం

ఏటి బాబూ, అందరూ ఇటలీ, బొంబాయీ అంటన్నారు. పక్కూరు కొట్లు ఎవురూ సూడరేటి? నా అంబాసిడర్‌కి సామాను నాకు ఎక్కడ దొరికిందో తెలుసా, బొబ్బిలి అవతల ఓ ముసలాయన కొట్లో అటక మీద. ఆయన 1985 ప్రాంతంలో కొన్న సరుకు, డబ్బా కూడా ఇప్పలేదు. ఆయన కొడుకుకి అదేటో కూడా తెలీదు. చిన్న ఊర్లలో పాత స్పేర్ పార్ట్స్ కొట్లకి ఎల్లి "అటక మీద ఏటున్నాది, నేను ఎక్కి సూసుకుంటాను" అని అడగాలి. ఫోన్లో అడిగితే "లేదు" అనే అంటారు, ఎక్కి సూడ్డానికి వొళ్లు బరువు కదా.

పద్మిని87

దీనికి నా ఓటు. నా డోర్ హ్యాండిళ్లు రాజమండ్రిలో అలాగే దొరికాయి. మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు, నేనే ఎక్కాను.

టర్నర్_సింధియా

అటక సరుకు విషయంలో ఒక జాగ్రత్త. ఇనుము, ఇత్తడి, బేరింగ్, గేరు, గాజు, ఇవి 40 ఏళ్లు డబ్బాలో ఉన్నా బంగారమే. రబ్బరుకి మాత్రం వయసుంటుంది. 1985 నాటి బ్రేక్ కప్పులు (లోపలి రబ్బరు సీళ్లు) "కంపెనీ ఒరిజినల్" అని ఎవరైనా చేతిలో పెడితే దండం పెట్టి వెనక్కిచ్చెయ్. గట్టిపడిపోయి ఉంటాయి. బిగించిన రోజు బాగానే ఉంటుంది, ఓ నెలకి పెడల్ నేలకి దిగిపోతుంది. బ్రేకుల్లో, పెట్రోలు లైన్లో కొత్త రబ్బరే వాడాలి. ఇక్కడ ఒరిజినల్ అనే పట్టుదల పనికిరాదు.

మహారాణిపేట_ఫియట్

ఈ మాట నాకు కొత్త. ఒరిజినల్ అంటే ఎప్పుడైనా మంచిదే అనుకున్నాను. మాస్టర్ సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడ్డాయి. కొత్తది దొరకలేదు. దానికేం చెయ్యాలి?

టర్నర్_సింధియా

పారెయ్యకు. బయటి పోత మంచిదైతే లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ వేసి పాత కొలతకి తేవచ్చు. లోపల నున్నగా హోనింగ్ చెయ్యాలి, ద్రవం దిగే సన్నని రంధ్రాలు మళ్లీ సరిగ్గా అదే చోట పడాలి. ఆ రంధ్రం అంచు గరుకుగా మిగిలితే కొత్త కప్పుని రెండు రోజుల్లో కోసేస్తుంది. పని తెలిసిన చోటే ఇవ్వు. ఆయిల్ సీళ్లకైతే కారు పేరు చెప్పి కొట్టువాణ్ణి ఖంగారు పెట్టక్కర్లేదు. పాత సీలు మీద మూడు అంకెలుంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. చెరిగిపోతే కొలిచి చెప్పు. బేరింగులూ అంతే. 6203 అని ఉంటే అది లోపల 17, బయట 40, మందం 12. అది ఫియట్‌లో ఉన్నా, నీళ్ల మోటార్లో ఉన్నా అదే బేరింగు. "ఫియట్‌ది కావాలి" అంటే లేదంటాడు. "6203 ఇవ్వు" అంటే ఏ కంపెనీది కావాలని అడుగుతాడు.

ఎస్ఎస్80_గాజువాక

నా కథ దీనికి తలకిందులు. నాది 1985 మారుతి 800, మొదటి రకం, ఎస్ఎస్80. ఇంజిన్ ఎఫ్8బి, 796 సీసీ. అదే ఇంజిన్ తర్వాతి 800లోనూ, ఒమ్నిలోనూ ఏళ్ల తరబడి వచ్చింది కాబట్టి ఇంజిన్ సామానుకి నాకు లోటే లేదు, ఆటోనగర్‌లో గంటలో దొరుకుతుంది. కానీ 1986లో బాడీ పూర్తిగా మార్చేశారు. హెడ్‌లైటు, గ్రిల్లు, డ్యాష్‌బోర్డు, బంపరు, వెనక లైట్లు, ఏదీ తర్వాతి దానికి కలవదు. నాలుగేళ్లుగా ఒక్క వెనక లైటు అద్దం కోసం తిరుగుతున్నాను. మన వాళ్లు పాత కారు అనగానే ఫియట్, అంబాసిడర్ అనే అంటారు గానీ, 1983 డిసెంబరు 14న మొదటి తాళాలు ఇచ్చిన ఆ కారుకి నలభై ఏళ్లు దాటాయి. దాన్ని తుక్కుకి ఇచ్చేస్తుంటే నా కడుపు తరుక్కుపోతుంది.

బెల్లం_అనకాపల్లి

ఎస్ఎస్80 అన్నా, మా వీధి చివర ఒకటి జామచెట్టు కింద ఉంది. కోళ్లు పెంచుతున్నారు అందులో. ఫొటో తీసి పంపనా?

ఎస్ఎస్80_గాజువాక

పంపు. ఇప్పుడే. వెనక లైట్లు కనపడేట్టు తియ్యి.

మిల్లెచెంతో

ఫియట్ దగ్గరికి వద్దాం. సామాను మార్కెట్ల గురించి నా అనుభవం చెప్తాను.

కలకత్తా మల్లిక్ బజార్: మనకి హౌరా రైలుంది, రాత్రి ఎక్కితే పగటికి దిగొచ్చు. అంబాసిడర్ సామాను ఎక్కువ గానీ ఫియట్‌ది కూడా కింగ్‌పిన్, బ్రేకు, స్టీరింగు ముక్కలు నాకు దొరికాయి. మద్రాసు పుదుప్పేట: విప్పిన సామానుకి మంచి చోటు, తలుపులు, అద్దాలు, లైట్లు. విజయవాడ ఆటోనగర్‌కి నేను సామాను కోసం వెళ్లను, పనివాళ్ల కోసం వెళ్తాను. క్రాంక్ గ్రైండింగ్, బోరింగ్, స్ప్రింగు ఆకులు ఒక్క వీధిలో అయిపోతాయి. ఇక బొంబాయి కుర్లా. కారు పుట్టిందీ అక్కడే, ట్యాక్సీలు తుక్కయిందీ ఆ పక్కనే. 2013లో ట్యాక్సీ వయసు 20 ఏళ్లకి కట్టడి చేశాక వేల కొద్దీ పద్మినిలు విప్పారు. చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది, 2023 అక్టోబరు 30తో దాని రోజులూ అయిపోయాయి. ఇక అక్కడ కొత్తగా విప్పేవి ఉండవు. ఉన్న సరుకు చేతులు మారుతూ ఖరీదు పెరుగుతుందంతే. వెళ్లాలనుకుంటే తొందరగా వెళ్లండి.

పద్మిని87

కుర్లా విషయంలో నేను ఒప్పుకోను. ట్యాక్సీ సామాను అంటే 20 ఏళ్లు పగలూ రాత్రీ తిరిగిన సామాను. కింగ్‌పిన్, గేర్‌బాక్సు లాంటివి అక్కడ పాతవి కొంటే అరిగిపోయినవే ఇంటికి మోసుకొస్తాం. నేను అలా ఒక గేర్ లివర్ లింకేజి తెచ్చి రెండో గేరు పడక ఏడ్చాను. బయటి ముక్కలకి సరే, కదిలే ముక్కలకి వద్దు.

మిల్లెచెంతో

ఒప్పుకుంటున్నాను. నేను తెచ్చినవీ అద్దాలు, లైట్లు, ఒక బంపరే.

ఇటలీ సామాను గురించి ఇంకొకటి. అక్కడి కార్లు ఎడమ స్టీరింగువి. డ్యాష్‌బోర్డు, పెడల్సు, స్టీరింగు గేరు లింకేజి, వైపర్ల అమరిక, ఇవి మనకి పనికిరావు. రబ్బరు బీడింగులు, మెరుపు పట్టీలు, ముద్రలు, తలుపుల చిన్న ముక్కల వరకే ఇటలీ వైపు చూడండి. బీడింగ్ తెప్పించే ముందు మీ పాత బీడింగ్‌ని రెండంగుళాలు కోసి, ఆ అడ్డకోతని కాగితం మీద పెట్టి గీసి పంపండి. పేరు చెప్పి కొనొద్దు, ఆకారం చూపించి కొనండి. మీకు ఇప్పటికే 31 వేల అనుభవం ఉంది.

కంచరపాలెం_కార్బ్యురేటర్

పెట్రోలు గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మీ కారు తయారైన నాటికి అలాంటి ఆలోచనే లేదు. పెట్రోలు పంపు డయాఫ్రం, గొట్టాలు, కార్బ్యురేటర్ గాస్కెట్లు పాతవే ఉంటే మెత్తబడి ఉబ్బుతాయి లేదా పగులుతాయి. ఇథనాల్ తేమని పీలుస్తుంది కూడా, పైగా మనది సముద్రపు గాలి. ట్యాంకులో పదేళ్ల నాటి తుప్పు ఉండనే ఉంటుంది. ట్యాంకు దించి కడిగించాకే కార్బ్యురేటర్ ముట్టుకోండి, లేకపోతే దాని జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు) రోజుకోసారి మూసుకుపోతాయి. బండి ఆపేసే నెలల్లో ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి.

మీ సోలెక్స్ కార్బ్యురేటర్ మార్చమని ఎవరన్నా అంటే వినకండి. దాంట్లో పోయేది థ్రాటిల్ ఇరుసు దగ్గర అరుగుదలే. లేత్ మీద ఇత్తడి బుష్ వేయిస్తే గాలి లాగడం ఆగుతుంది, స్లో నిలబడుతుంది. డబ్బాలో కొత్తగా మెరుస్తూ వచ్చే చౌక కార్బ్యురేటర్ల జెట్లు నేను కొలిచాను, రెండు ఒకేలా లేవు.

కొమ్మాది_కుర్రాడు

ఇంత తిరుగుడు, ఇంత ఖర్చు. నేను మళ్లీ అడుగుతున్నాను, ఇంజిన్ మారిస్తే తప్పేంటి?

పాతకాయితం

కాయితాల వైపు నుంచి చెప్తాను. ఇంజిన్ మార్పంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ముందు అనుమతి, తర్వాత ఆర్.సి.లో నమోదు. అది లేకుండా తిప్పితే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు వేలెత్తి చూపిస్తారు.

రెండోది, ఇది 50 ఏళ్లు దాటిన కారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పు లేని బండికే ఆ హోదా. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఒమ్ని ఇంజిన్ పెట్టారా, ఆ తలుపు మూసుకున్నట్టే.

మహారాణిపేట_ఫియట్

మా ఆర్.సి. గడువు 2016లో పోయింది. అయితే వింటేజ్ కిందే చేయించేయనా? నంబరు ఏపీ31 రాకముందుది. నాన్నగారికి ఆ నంబరంటే ప్రాణం.

పాతకాయితం

ఆగండి. వింటేజ్ హోదాలో ఉన్న బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, ఇంతవరకే. నాన్నగారికి బుద్ధి పుట్టినప్పుడల్లా భీమిలి వెళ్లాలంటే మామూలు రెన్యువలే మంచిది. అది ఐదేళ్లకోసారి, ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఫీజు 2022 ఏప్రిల్‌లో 5 వేలు చేశారు, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025లో 10 వేలకి పెంచారు. ఆలస్యానికి అదనం ఉంటుంది. వెళ్లే ముందు ఒక పని చెయ్యండి: బ్లాకు మీద చెక్కిన ఇంజిన్ నంబరు ఆర్.సి.లో ఉన్నదే అవునో కాదో టార్చ్ వేసి చూడండి. 1968 బండి, ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు. నంబరు కలవకపోతే ఇప్పుడే సరిచేసుకోవాలి.

టర్నర్_సింధియా

కొమ్మాది బాబూ, ఇంకో లెక్క కూడా చూడు. ఆయన 1089 సీసీ తీసి 796 సీసీ పెట్టుకుంటే ఆ బరువైన బాడీ సింహాచలం ఘాటు ఎలా ఎక్కుతుంది?

కొమ్మాది_కుర్రాడు

ఆ లెక్క నేను చూడలేదు మాస్టారూ. సరే, ఒమ్ని మాట వెనక్కి తీసుకున్నాను. ఫియట్ ఇంజిన్ విప్పి కడుతున్నప్పుడు చూడ్డానికి రావచ్చా?

మహారాణిపేట_ఫియట్

నంబరు చూశాను. గ్రీజు గీకితే కనపడింది. కలిసింది! నాన్నగారు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని ఆర్.సి. పట్టుకుని ఒక్కో అంకె పైకి చదివారు.

కొమ్మాది తమ్ముడూ, తప్పకుండా రా.

గంటస్తంభం_విజయనగరం

సిందియా మేస్త్రీ గారూ, మీరు షిప్‌యార్డులో సేసేరు, ఆయన ఫియట్ తిప్పుతున్నారు. రెండిటికీ బీజం ఒక్క మనిషే కదండీ?

టర్నర్_సింధియా

బాగా గుర్తుచేశావు. వాల్‌చంద్ హీరాచంద్. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ గారితో ఇక్కడ నౌకా కేంద్రానికి శంకుస్థాపన చేయించింది ఆయన సింధియా కంపెనీయే. ఇప్పటికీ మా కాలనీ పేరు, జంక్షన్ పేరు అదే. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టిందీ ఆయనే. 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది ఇక్కడి నుంచే. నేను చేరింది చాలా తర్వాత గానీ, మా సీనియర్లు కొందరు ఆ ఓడకి పనిచేసినవాళ్లు. అందుకే ఫియట్ బ్లాకు నా బల్ల మీదికి వస్తే బయటి పనిలా అనిపించదు.

పద్మిని87

ఇది నాకు తెలియదు! ఇన్నాళ్లూ సింధియా బస్సెక్కి తిరిగాను.

మహారాణిపేట గారూ, నేల రేకులు చూశారా? మన ఊళ్లో అసలు శత్రువు అదే. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. నేల, తలుపుల కింది పెట్టెలు తుప్పు తింటే కారే బలహీనమైపోయినట్టు. నాది లాసన్స్ బే దగ్గర రెండేళ్లు బయట పెట్టినందుకు డ్రైవర్ సీటు కింద చెయ్యి దూరేంత రంధ్రం పడింది. పైన రంగు చెక్కుచెదరలేదు! మ్యాట్లు తీసి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే పిస్టన్ల కంటే ముందు ఆ పని. పైన అతుకు వేసి పుట్టీ పూసే టింకరింగ్ వాళ్లకి మాత్రం ఇవ్వొద్దు. కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి.

మహారాణిపేట_ఫియట్

పొడిచాను. ఎడమవైపు వెనక సీటు కాళ్ల దగ్గర దిగిపోయింది. మిగతాది గట్టిగానే ఉంది. ఇది ముందు చేయిస్తాను.

బెల్లం_అనకాపల్లి

గ్రిల్లు సంగతి నేను చెప్తా. కొత్తది వెతకొద్దు, ఉన్నది తీయించండి. మా బావ కారుది అల్యూమినియం గ్రిల్లు, ఇలాగే సొట్టపోతే పాత్రల సొట్టలు తీసే ఆయన సరిచేశాడు. చల్లగా ఉండగా కొడితే విరుగుతుంది. సబ్బు రాసి వెనక నుంచి సన్నని మంటతో వేడి చేసి, సబ్బు నల్లబడగానే మంట తీసేసి, చల్లారాక చెక్క సుత్తితో మెల్లగా కొట్టాడు. తర్వాత పాలిష్.

టర్నర్_సింధియా

సరైన పద్ధతే. సబ్బు నల్లబడ్డాక ఇంకా వేడి చేస్తే అల్యూమినియం కరిగి కిందపడుతుంది, ఎర్రబడి ముందే చెప్పే లోహం కాదది. ముందు అయస్కాంతం పెట్టి చూడు. అంటుకుంటే ఇనుము, ఈ పద్ధతి వద్దు.

మహారాణిపేట_ఫియట్

అంటుకోలేదు. ఆయన చిరునామా వ్యక్తిగతంగా పంపండి.

ఇంతలో ఒక వార్త. ఇటలీ ఆయన జవాబిచ్చారు. వాడలేదు కాబట్టి వెనక్కి తీసుకుంటారట, పంపే ఖర్చు నాది. తప్పు నాదే కాబట్టి సరేనన్నాను. మిల్లెచెంతో గారు చెప్పినట్టు 1100 ఆర్ ఓవర్‌సైజు సెట్టు కొలతలు అడిగాను. ఈలోగా మద్రాసులో ఒకరి దగ్గర దేశీ 68 సైజు ఓవర్‌సైజు సెట్టు ఉందట, డబ్బా మీద నంబరు ఫొటో రేపు పంపుతామన్నారు.

మిల్లెచెంతో

ఫొటో కాదు, వెర్నియర్ బిగించి పిస్టన్ మీద పెట్టి ఫొటో పంపమనండి.

కంచరపాలెం_కార్బ్యురేటర్

రేడియేటర్లో బోరు నీళ్లు పొయ్యకండి, చెప్పడం మర్చిపోయాను. హెడ్డు అల్యూమినియం, బ్లాకు ఇనుము. ఉప్పు నీళ్లు తగిలితే హెడ్డే ముందు తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు.

ఎస్ఎస్80_గాజువాక

బెల్లం తమ్ముడూ, ఫొటో చూశాను. ఎడమ లైటు పగలలేదు!! ఆదివారం వస్తున్నా. కోళ్లకి కొత్త గూడు నేనే చేయించి ఇస్తానని వాళ్లకి చెప్పు.

బెల్లం_అనకాపల్లి

చెప్పాను. గూడు ఇనుప జల్లెడతో కావాలట, పిల్లి బెడద ఉందట.

టర్నర్_సింధియా

మహారాణిపేట, కింగ్‌పిన్ సంగతి మిగిలింది. సెట్టు ఎవరిదైనా కొను, బుష్‌లు మాత్రం నొక్కేసి వదిలెయ్యనివ్వకు. నొక్కాక రీమర్‌తో పిన్నుకి తగ్గట్టు సాఫీ చెయ్యాలి. చాలాచోట్ల ఆ పని ఎగ్గొట్టి సుత్తితో కొట్టి దింపేస్తారు, అందుకే స్టీరింగు రాయిలా ఉంటుంది. "సామాను డూప్లికేటు" అని సామాను మీదికి తోసేస్తారు. నాన్నగారు 79 ఏళ్ల మనిషి, స్టీరింగు తేలిగ్గా తిరగాలి. పిన్నులు, బుష్‌లు, రెండు స్టబ్‌లు (ముందు చక్రాల ఇరుసు ముక్కలు) తీసుకుని ఆదివారం పొద్దున 7కి మా ఇంటికొచ్చెయ్. రీమర్ నా దగ్గరుంది.

మహారాణిపేట_ఫియట్

వస్తున్నాను మాస్టారూ. నాన్నగారు కూడా వస్తానంటున్నారు.

టర్నర్_సింధియా

తీసుకురా. కుర్చీ వేయిస్తాను.

కొమ్మాది_కుర్రాడు

నేను వెర్నియర్ కొన్నాను. నేనూ వస్తున్నా.